అన్నకు కుడి పక్కన

మా మగ్గం మీద నా పని కుడి పక్కన కూర్చోవడం. ధర్మవరంలో పెద్దంచు చీర నేయాలంటే, ఒళ్లు ఒక రంగు అంచు ఒక రంగు అయినప్పుడు, ఇద్దరు కావాలి. నడుమ కూర్చున్నవాడు ఒళ్లూ ఎడమంచూ చూసుకుంటాడు. కుడి పక్కన కూర్చున్నవాడు కుడి అంచుకు అడ్డపోగును మోసుకుపోయే నాడె వేస్తాడు. నడుమ ఉన్నవాణ్ణి నేతగాడు అంటారు. పక్కన ఉన్నవాణ్ణి ‘ఆ ఇంకొకడు’ అంటారు. మా అన్న నేతగాడు. నేను ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంకొకణ్ణి.

చీర చూడవచ్చినవాళ్లు ముందు కొంగు చూస్తారు, తరువాత ఒళ్లు చూస్తారు, ఆపైన మా నాయన వైపు తిరిగి "మీ పెద్దోని చెయ్యే వేరప్పా" అంటారు. కుడి అంచు దగ్గర ఎవరూ ఆగరు. అది బాగుంటే చీరలో భాగం, బాగలేకుంటే నా తప్పు.

నాకు రావలసిన మెప్పు వేరే దారిలో వచ్చేది. మగ్గం మీద మాటలాడకూడదని మా నాయన కట్టడి. ఆయన మగ్గం మా వెనకే. మాట వినబడితే దగ్గుతాడు, మళ్లీ వినబడితే తిడతాడు. అందుకని నేను మొహాలు పెట్టేవాణ్ణి. మా చీరలు కొనే శావుకారు కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని చీరలో తప్పు దొరక్క బాధపడే మొహం. మా అవ్వ పళ్లు లేని నోట్లో శెనక్కాయను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తరలించే మొహం. దగ్గబోయే ముందు మా నాయన మొహం. అన్న తల తిప్పేవాడు కాదు, చేతులు ఆపేవాడు కాదు. కంటి కొసనుంచే నన్ను పట్టుకుని, నవ్వును కడుపులోనే తొక్కిపెట్టి, భుజాలు అదిరి, నాడె ఒక దెబ్బ ఆలస్యంగా వేసేవాడు. ఆ ఒక్క దెబ్బ ఆలస్యం నా కష్టార్జితం. ఊరంతా అన్న పనితనాన్ని మెచ్చుకుంటుంటే దాన్ని చెడగొట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

తరువాత అన్నకు పెళ్లయింది.

వదిన పెనుకొండ అమ్మాయి. వచ్చిన వారానికే రాట్నం ముందేసుకుని అన్నకు ఎడమ పక్కన కూర్చుని నాడెల్లోకి పట్టు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. కొత్త కోడలు కాబట్టి నాయన కట్టడి ఆమెకు వర్తించలేదు. ఆమె మాట్లాడేది. పెనుకొండ స్టేషన్లో ప్యాసింజరు ఎక్కిన మేక కథ చెప్పేది. ఆ మేక తరువాతి స్టేషన్లో దిగిందట. అంతే కథ. నిజం చెప్పాలంటే అది సగటు కథ. అన్న మాత్రం పైకే నవ్వేవాడు. వెనక నాయన దగ్గలేదు. ఒకసారి ఆయన కూడా నవ్వినట్టు నాకు అనుమానం.

నేను ఊరుకోలేదు. శావుకారిని పెట్టాను. అన్న ముందుకే చూస్తున్నాడు. అవ్వను పెట్టాను. ముందుకే చూస్తున్నాడు. అవ్వ శెనక్కాయ నములుతుంటే శావుకారు తప్పు పట్టే మొహం కనిపెట్టాను. దానికి రెండు దవడలూ రెండు దిక్కులకు పోవాలి. అన్న భుజం కదల్లేదు. నాడె వేళకు వచ్చింది, వేళకు పోయింది. అటుపక్క వదిన "ఆ మేక మళ్లీ వచ్చింది తెలుసునా" అనగానే కిలకిలా నవ్వాడు.

పెళ్లయితే మనుషులు మారతారని విన్నాను. ఒక పక్క మాత్రమే మారతారని నాకెవరూ చెప్పలేదు. నెలలు గడిచాయి. నేను మొహాలు మానలేదు, అన్న నవ్వలేదు. రాట్నం చప్పుడు వింటేనే నాకు పళ్లు కొరుక్కోవాలనిపించేది.

ఒక పూట మగ్గం నుంచి కోసిన చీరను నాయన మంచం మీద పరిచి, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని అంచు వెంట వేలు నడిపించాడు. ఎడమంచు దగ్గర వేలు ఆగింది. కొంచెం పోయి మళ్లీ ఆగింది. పోగులు వదులై చిన్న చిన్న ఉచ్చుల్లా పైకి లేచి ఉన్నాయి.

"ఎడమంచు ఎవురిది?" అన్నాడు.

తెలిసి అడిగే ప్రశ్నే అయినా "అన్నది" అని చాలా స్పష్టంగా జవాబు చెప్పాను. మా ఇంట్లో తప్పు నాది కాకపోవడం అదే మొదటిసారి. ఆ పూట అన్నం కూడా బాగా తిన్నాను.

అన్న తల తిప్పి అంచును చూశాడు. "కనపడల్యా నాయనా" అన్నాడంతే.

ఆ తరువాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. సాయంత్రానికి తలనొప్పి. ద్వారబంధానికి ఒకసారి ఈ భుజం, ఒకసారి ఆ భుజం. నిలిపి ఉన్న ఆటో అద్దాన్ని బండితో రాసుకుపోయి, ఆటో ఆయన అరిస్తే "యాడుండాదప్పా ఆటో?" అని అడిగాడట. అన్న తాగి ఉన్నాడని ఆయన అనుకున్నాడు. అవ్వ దిష్టి అనుకుంది. మా వీధిలో అంత దిష్టి తగలదగిన మనిషి అన్న ఒక్కడే కాబట్టి నేనూ కాదనలేదు. బజార్లో కళ్లద్దాలు కొనిచ్చారు. ఆ అద్దాలతో అన్న మరింత స్పష్టంగా వెళ్లి తలుపుకు కొట్టుకున్నాడు.

హిందూపురంలో మంచి కంటి డాక్టరు ఉన్నాడని వదిన వాళ్లమ్మ చెప్పింది. అన్న, వదిన, నేను పొద్దుటి ప్యాసింజరెక్కాం. పెనుకొండలో రైలు ఆగగానే ఆమె క్యారియరు పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తి వచ్చింది. "అల్లునికి ఒబ్బట్లు" అంది. నేను పక్కనే ఉన్నాను. "నువ్వూ తినబ్బీ" అంది, రైలు కదిలాక.

హిందూపురం డాక్టరు చాలాసేపు యంత్రాలతో కంట్లోకి చూశాడు. తరువాత అన్నీ పక్కన పెట్టి, అన్నకు ఎదురుగా మోకాళ్లు తగిలేంత దగ్గర కూర్చుని, "నా ముక్కు మీదే చూడు. వేళ్లు ఎన్ని కనిపిస్తే అన్ని చెప్పు" అన్నాడు. రెండు చేతులూ పక్కలకు చాచి వేళ్లు ఆడించాడు.

"యాడ సార్ వేళ్లు?" అన్నాడు అన్న.

డాక్టరు చేతులు కొంచెం లోపలికి తెచ్చాడు. అన్న ముక్కునే చూస్తున్నాడు. ఇంకొంచెం తెచ్చాడు. వెనక నిలబడిన నాకు ఆ వేళ్లన్నీ కనిపిస్తున్నాయి. గోళ్లు కూడా కనిపిస్తున్నాయి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

"గుర్రానికి రెండు పక్కలా గంతలు కట్టినట్టు ఉంది ఈయన చూపు. నడుమ బాగుంది, పక్కలు పోయాయి. ఇది కంటి జబ్బు కాదు, కంటి వెనకది. తల స్కానింగు తీయించండి" అన్నాడు డాక్టరు.

ఆ రోజే హిందూపురంలోనే తీయించాం. పుర్రె అడుగున, ముక్కుకు సరిగ్గా వెనక, శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుందట. అన్నకు దాని మీద గడ్డ లేచి రేగుపండంత అయింది. దానికి పైన రెండు కళ్ల నరాలూ ఒకదాన్నొకటి దాటిపోయే చోటు. గడ్డ కిందనుంచి ఆ చోటును నొక్కింది. నొక్కితే ముందు పోయేది రెండు పక్కల చూపేనట.

తిరుగు రైలెక్కాం. ఒబ్బట్ల క్యారియరు వదిన ఒళ్లో మూత తీయకుండానే ఉంది. పెనుకొండ కొండ కనిపించే వేళకు అన్న మొహం పూర్తిగా నా వైపు తిప్పాడు. ఈ మధ్య ఎవరినైనా చూడాలంటే అలాగే తిప్పుతున్నాడని అప్పుడు గమనించాను.

"రేయ్, మొగ్గం కాడ మొగాలు పెట్టేది ఎందుకు మానేస్తివి?"

నేనూ పూర్తిగా అన్న వైపు తిరిగాను.

"నేనెప్పుడు మానేసినాను?"

"నా పెండ్లయిందాన్నించి పెట్టల్యా గదా. నీకు నా మింద కోపమనుకుంటి."

"కోపమే. అయినా రోజూ పెడ్తానే ఉండా. పని పనే గదన్నా."

అన్న నా వైపు చూస్తూనే ఉన్నాడు. వదినవి మాటలు, వాటికి కన్ను అక్కర్లేదు. నావి మొహాలు. ఇన్ని నెలలూ నేను గోడకు నాటకం వేశాను. అంతకు ముందు రోజుదాకా అన్న గర్వానికి పెట్టిన తిట్లన్నీ రేగుపండంత గడ్డ కింద జమ చేసుకోవలసి వచ్చింది. ఏడుపు రాబోతుంటే అడిగాను: "అన్నా, ఆ ఒబ్బట్లు నీకు కనపడ్తాండాయా, మేము తినేదా?"

వదిన నవ్వింది. అన్నకంటే ముందు నవ్వింది. నాకు నచ్చలేదు.

బెంగళూరులో పెద్దాసుపత్రి. మెదడు డాక్టరు కన్నడంలో మొదలుపెట్టి మా మొహాలు చూసి తెలుగులోకి దిగాడు. ఇలాంటి గడ్డల్లో ఒక రకం మాత్రలతోనే కరుగుతుందట, ఇది ఆ రకం కాదట. తల కోయనక్కర్లేదు, ముక్కులోంచి పోతాం అన్నాడు. నాయన తన ముక్కు పట్టుకుని చూసుకున్నాడు.

"ముక్కులోంచి తలకాయలోకి దోవ ఉండాదా సార్?"

"చేసుకుంటాం. ముక్కు డాక్టరు ఒకాయన నా పక్కన నిలబడి, సన్నని గొట్టం లాంటి కెమెరాతో నాకు దారి చూపిస్తాడు. నేను గడ్డ తీస్తాను."

ఆ పక్కన నిలబడే ఆయన మీద నాకు వెంటనే అభిమానం కలిగింది. ఆపరేషను బాగా జరిగితే జనం ఎవరి చెయ్యి వేరంటారో నాకు తెలుసు.

నాయన అసలు ప్రశ్న అడిగాడు. "మావోడు మళ్లా నేస్తాడా సార్?"

డాక్టరు తొందరపడలేదు. నడుమ చూపు నిలుస్తుందనే అనుకుంటున్నాం అన్నాడు. పోయిన పక్కల చూపు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను, ఆ నరం ఎన్నాళ్లు నలిగిందో దాన్నిబట్టి ఉంటుంది, కొందరికి త్వరగా వస్తుంది, కొందరికి నెలలు పడుతుంది, కొందరికి రాదు అన్నాడు. రెండంచులూ కనిపించనివాడు పెద్దంచు చీర నేయలేడు. ప్రతి దెబ్బకూ తల తిప్పి చూసుకుంటే చెయ్యి తప్పుతుంది. ఆ లెక్క డాక్టరుకు తెలియదు, మాకు నలుగురికీ తెలుసు.

ఆపరేషను రోజు నేనూ వదినా నాయనా బయట కుర్చీల్లో కూర్చున్నాం. వదిన కమలాపండు తొనలకు నారలు తీస్తూ కూర్చుంది. తినడానికి కాదు, చేతులు ఊరికే ఉండలేక. నేను ఎదురుగా కునుకుతున్న సెక్యూరిటీ ఆయన మొహం పెట్టాను. అలవాటు. పక్కనుంచి గుర్రుమని శబ్దం వచ్చింది. వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. రెండింట్లో ఏది ముందు మొదలైందో తెలియదు.

"మీయన్న చెప్తాండె, నీ మాదిరి మొగాలు ఎవురూ పెట్టలేరని. ఇదేనా?"

"ఇది సామాన్యమైంది వదినా. మంచివి ఇంటికాడ ఉండాయి."

ఆమె మంచి ప్రేక్షకురాలు. అది కూడా నాకు నచ్చలేదు. మనకు కిట్టని మనిషికి మన విద్య అర్థం కావడం చాలా ఇబ్బంది.

సాయంత్రం అన్నను ఐసీయూకు తెచ్చారు. ఒక్కరే లోపలికి రావాలి అంది నర్సు. నేను లేచాను. నాయన కూడా లేచాడు, వదిన వైపు చెయ్యి చూపడానికి. ఆమె పోయింది. నేను కూర్చున్నాను, నడుము నొప్పికి లేచినట్టు నటించి.

ఆమె బయటికొచ్చి "నిన్నడిగినాడు" అంది.

గుండె ఒక దెబ్బ ఆలస్యంగా కొట్టుకుంది. "ఏమని?"

"మొగ్గం మింద పడుగు ఎలుకలు కొరకతాయంట. జాగర్తగా చూసుకోమన్నాడు."

మూడేళ్ల పిల్లాడిని చూసుకున్నట్టు చూసుకోవాలని చెప్పి ఇంటికి పంపారు. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. వంగకూడదు, బరువెత్తకూడదు. ముక్కులోంచి నీళ్లలా కారితే వెంటనే ఫోను చేయాలి. తాగిన నీళ్లెన్నో, పోసినవెన్నో కొలవాలి. రెండోదాన్ని కొలిచే పదవి నాకు దక్కింది. అవ్వ మా ఇంట్లోనే కాదు, చుట్టుపక్కల ఇళ్లలో కూడా మిరపకాయల తిరగమాత మాన్పించింది. ఘాటు తగిలితే పెద్దోడికి తుమ్ము వస్తుందట. వీధంతా చప్పిడి పప్పు తిన్నది. నాకు చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చినప్పుడు పక్కింట్లో చేపల పులుసు చేసుకున్నారు. నాకు ఆ వాసన ఇప్పటికీ గుర్తు.

చూడవచ్చినవాళ్లు బ్రెడ్డూ యాపిల్ పళ్లూ తెచ్చేవారు. అన్న చుట్టూ తిరిగి గుండు కోసం, కుట్ల కోసం వెతికేవారు.

"యాడ కోసినారప్పా?"

"ముక్కులోపల."

"కుట్లు?"

"లేవు."

"మరి తలకాయి ఆపరేషన్ అంటిరి?" అని కొంచెం నొచ్చుకునేవారు. దూరంనుంచి వచ్చినవాళ్ల కోసం నెత్తికి ఒక కట్టయినా కడదామని నేను సలహా ఇచ్చాను. అవ్వ నన్ను కొట్టింది, మెల్లగానే.

ఆ రోజుల్లోనే ఎడమ పక్క చూపు వచ్చింది. వదిన అన్నకు ఎడమవైపు మాట్లాడకుండా కూర్చుని కండెలు పైకి ఎత్తి చూపించేది. అన్న ఎదుటి గోడ మీద క్యాలెండరు చూస్తూ చెప్పాలి. మొదట్లో "ఏమీ ల్యా" అనేవాడు. ఒకరోజు "ఏందో కదిల్నట్టుండాది" అన్నాడు. కొన్నాళ్లకు "పసుపు" అన్నాడు. తరువాత "ఎరుపు. కాదు, వంకాయ" అన్నాడు. అది నిజంగానే వంకాయ రంగు. వదిన కండె పడేసి వంటింట్లోకి పోయి ఏడ్చి వచ్చింది. నాయన బయటికి పోయి చాలాసేపు దగ్గాడు.

కుడి పక్కన నేను నిలబడి కండె ఎత్తాను. ఏమీ లేదు. కొత్తిమీర కట్ట ఎత్తాను. చీపురు ఎత్తాను. ఏమీ లేదు. హిందూపురం డాక్టరు మళ్లీ వేళ్లు ఆడించి, ఎడమ బాగా తేరుకుంది, కుడి నరం ఎక్కువ నలిగినట్టుంది, చూద్దాం అన్నాడు. మనుషులు పెళ్లాం పక్క చేరడం లోకంలో ఉన్నదే. నరాలు కూడా చేరతాయని అప్పుడే తెలిసింది.

అందరికీ ఎడమ వచ్చిన సంతోషం. నాకు కుడి రాని భయం. చీరకు రెండంచులు ఉంటాయి. కుడి అంచు నేను చూసుకుంటాను గనక పని ఎలాగో సాగిపోవచ్చు, నాయన అదే అన్నాడు. కానీ ఆ పక్క నేను ఉంటాను. ఆ మాట ఎవరితో అనాలి? మెదడు ఆపరేషను నుంచి బయటపడ్డ మనిషి తమ్ముడి కోతిచేష్టలు చూడలేకపోతున్నాడని ఏ డాక్టరుకు చెప్పుకోవాలి?

బెంగళూరు డాక్టరు సరేనన్నాక అన్న మగ్గమెక్కాడు. ఎడమ పక్క రాట్నం. కుడి పక్క నేను. వెనక నాయన. నేను మళ్లీ మొదలుపెట్టాను. పొద్దున శావుకారు, మధ్యాహ్నం అవ్వ. కొత్తవి కూడా చేర్చాను: ముక్కు పట్టుకుని చూసుకునే నాయన, కుట్లు దొరక్క నొచ్చుకునే చుట్టం. అన్న ముందుకే చూస్తున్నాడు. నాడె వేళకు వస్తోంది, వేళకు పోతోంది. నేను ఒక్క పూట కూడా మానలేదు. మానితే ఆ పక్క నిజంగా పోయిందని ఒప్పుకున్నట్టు అనిపించింది. కొన్ని పూటలు దవడలు నొప్పి పుట్టి ముద్ద నమలలేకపోయేవాణ్ణి.

ఒక పొద్దున శావుకారు చీరను వెలుగుకు పట్టి చూసే మొహం పెట్టాను. కళ్లద్దాలు జారుతున్నాయి, పెదవి వంకర పోతోంది. అన్న ముందుకే చూస్తూ, చేతులు ఆపకుండా అన్నాడు.

"రేయ్, ఆయప్పకు ముక్కు అంత వంకర ల్యా."

నా చేతిలో నాడె ఆగిపోయింది. వెనకనుంచి దగ్గు. ఎవరం పట్టించుకోలేదు.

"కనపడ్తాందా?"

"మసకమసకగా. నీ మొగానికి అంత చాల్లే."

శావుకారి మొహం ఇంకా తీయలేదని కూడా మరిచిపోయాను. తరువాత అడిగాను: "ఎప్పట్నించి?"

అన్న భుజాలు అదరడం మొదలైంది. "పోయిన వారం నుంచి."

"మరి చెప్పల్యాకపోతివి!"

"చెప్తే మానేస్తావని. పాపం, రోజూ బలే కష్టపడ్తాంటివి. నిన్న అవ్వది పెట్టినావు చూడు, నవ్వాపుకోల్యాక సచ్చినా."

అటుపక్క రాట్నం ఎప్పుడు ఆగిందో ఆగింది. వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. బెంగళూరులో చూసిన కొంగు నవ్వే. నాకు అనుమానం వచ్చింది.

"వదినకు తెలుసా?"

"ఆయమ్మకు ఆ పొద్దే చెప్పినా గదా" అన్నాడు అన్న.

ఆమెకు ముందు చెప్పాడు. నా పక్క చూపు, నా మొహం, నా దవడ నొప్పి. కబురు మాత్రం ఎడమ పక్కకు ముందు చేరింది. వారం రోజులు ఇద్దరూ కూర్చుని నన్ను చూశారు. నేను మొహం తిప్పుకున్నాను, అది అన్నకు కనిపించాలనే కొంచెం నిదానంగా తిప్పుకున్నాను. ఇక ఈ జన్మలో మొహం పెట్టకూడదని అక్కడే నిర్ణయించుకుని నాడె వేశాను.

వెనకనుంచి నాయన మళ్లీ దగ్గాడు. ఆ దగ్గు మొహం నాకు చాలా బాగా వచ్చు. మధ్యాహ్నం అన్నం దాకా కూడా ఆగలేకపోయాను.